పాచికలూ పుల్లలూ

మస్తాన్‌వలి గాజుగొట్టం మళ్లీ మూసుకుపోయింది.

విశాఖపట్నంలో, కిటికీ తెరిస్తే సముద్రం కనిపించే ఒక ప్రయోగశాలలో అతను పరిశోధక విద్యార్థి. అతను చేస్తున్న పని చెప్పడానికి తేలికే. పేడ గ్యాసులో మీథేన్ ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. గాలిలో కలిస్తే రెండూ చెరుపు చేసేవే. ఎర్రగా కాలే గొట్టంలోంచి ఆ రెంటినీ పంపితే, లోపల సరైన ఉత్ప్రేరకం ఉంటే, అవి హైడ్రోజన్‌గా, కార్బన్ మోనాక్సైడ్‌గా మారి బయటికొస్తాయి. వాటితో ఇంధనం చేసుకోవచ్చు.

ఆ ఉత్ప్రేరకం నికెల్. కంటికి కనిపించనంత చిన్న నికెల్ రేణువులు నిలవడానికి ఇంకో పొడి ఆధారంగా ఉండాలి. దాని పేరు సీరియం ఆక్సైడ్. ఆ పొడిని మస్తాన్ స్వయంగా తయారుచేశాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కో రేణువూ నున్నటి పలకలతో, చెక్కినట్టున్న అంచులతో, అచ్చం పాచికలా ఉండేది. ఆ ఫొటోని కంప్యూటర్ తెర మీద పెట్టుకున్నాడు. ఎవరొచ్చినా ముందు అదే చూపించేవాడు.

పక్క బల్ల దగ్గర నీరజాక్షి కూడా అదే పొడి తయారుచేసింది. ఆమెకి పుల్లలు వచ్చాయి. సన్నగా, పొడుగ్గా, ఒంటినిండా గరుకు. అందరూ కూర్చున్న సమావేశంలో ఆమె ఆ ఫొటో వేయగానే మస్తాన్, "చీపురు ఊడిపోయినట్టుందే!" అన్నాడు. గదంతా నవ్వింది. నీరజాక్షి కూడా నవ్వింది. ఆ తర్వాత తన సీసాని అలమరలో అన్నిటికంటే వెనక్కి తోసేసింది.

పాచికల మీద నికెల్ ఎక్కించి మస్తాన్ ప్రయోగం మొదలుపెడితే కాసేపు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఉత్ప్రేరకం బలం తగ్గిపోయింది. గ్యాసులోని కార్బన్ మసై గొట్టం నిండా పట్టింది. సరే, నికెల్ చాలలేదేమోనని పెంచాడు. ఈసారి మసి ఇంకా ముందే పట్టింది. గొట్టం పగిలింది కూడా. ఇక మిగిలింది ఒక్క గొట్టమే. కొత్తవి ఎప్పుడొస్తాయో తెలీదు.

అతను గురువు దగ్గరికి వెళ్లాడు. వసుమతి మేడం చేతికింద చదువుకున్నవాళ్లు చాలా చోట్ల ఉన్నారు గానీ, ఆవిడ గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు మాత్రం లేరు.

"నికెల్ బాలేదు మేడం. వేరేది తెప్పిద్దాం."

"అదే నికెల్ నీరజ పొడి మీద ఎక్కించి చూశావా?"

"ఆ పుల్లల మీదా?" మస్తాన్ నవ్వాడు. "నా దగ్గరున్న పొడీ, ఆమె దగ్గరున్న పొడీ ఒకటే మేడం. ఆకారమే వేరు. కింద ఉన్నది ఏ ఆకారంలో ఉంటే ఏం? పనిచేసేది పైనున్న నికెల్ కదా."

మేడం అతని వంక ఒకసారి చూసి, "ఆకలేస్తోంది, పద" అంది.

ఆ రోజు శనివారం. శనివారాలు లాబ్ వాళ్లంతా కలిసి వరండాలో పులిహోర కలుపుకుంటారు. అన్నం ఆరబోసి ఉంది. నీరజాక్షి చింతపండు పులుసు దించుతోంది. మిగతావాళ్లు ఈతచాపలు పరుస్తున్నారు. పోపు పెట్టడం ఎప్పుడూ మేడం పనే.

ఆవిడ ఆవాల డబ్బా తీసింది. మూకుడు దగ్గరికి వెళ్లకుండా మస్తాన్ చేతిలో ఒక స్టీలు పళ్లెం పెట్టింది. దాని మీద గుప్పెడు ఆవాలు చల్లింది. "కింద నుంచి వేలితో కొట్టు" అంది.

కొట్టాడు. ఆవాలు జారాయి, దొర్లాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పళ్లెంలో ఒక పక్కకి పోయి కుప్పపడ్డాయి.

మేడం ఆ కుప్పని డబ్బాలోకి వంపేసింది. ఖాళీగా ఉన్న ఈతచాప తెచ్చి, దాని అంచు అతని అరచేతుల మీదికి లాగింది. అన్నే ఆవాలు మళ్లీ చల్లింది.

"కొట్టు."

కొట్టాడు. ఆవాలు ఎగిరాయి. అల్లిక సందుల్లో ఎక్కడివక్కడే పడ్డాయి. ఇంకా జోరుగా కొట్టాడు. ఎక్కడివక్కడే గంతులేశాయి.

"ఇంకా గట్టిగా కొట్టు మస్తాన్, పులుసు చల్లారిపోతోంది!" అంది నీరజాక్షి. అందరూ పకపకా నవ్వారు.

మస్తాన్ మాత్రం కొట్టడం ఆపేశాడు. చాపనే చూస్తున్నాడు.

"చాప ఏం చేసింది మేడం?"

"ఏమీ చేయలేదు. ఉండనిచ్చింది," అంది ఆవిడ. "ఆ ఆవాలు ఏరి కడుగు. పోపులో వేయాలి."

అల్లికలో ఇరుక్కున్న ఆవాలు ఒక్కొక్కటే గోటితో తీస్తుంటే అన్నం తినేవేళ దాటిపోయేలా ఉంది. నీరజాక్షి వచ్చి ఎదురుగా కూర్చుని తనూ ఏరసాగింది.

"నీరజా, నీ సీసా ఉందా?"

"ఏ సీసా? చీపురా?"

మస్తాన్ తలొంచుకున్నాడు. "అలా అనకుండా ఉండాల్సింది. ఒక్కసారి ఇస్తావా?"

"ఇవ్వను" అంది నీరజాక్షి. ఇంకో ఆవగింజ తీసి అతని చేతిలో వేసింది. "ఇద్దరం కలిసి పెడదాం."

సోమవారం పొద్దున్నే పుల్లల మీద నికెల్ ఎక్కించిన పొడిని ఆ ఒక్క గొట్టంలో పోశారు. కొలిమి ఎర్రబడింది. గ్యాసు వదిలారు. హైడ్రోజన్ ఎంత వస్తోందో చూపే గీత తెర మీద పైకి లేచింది. ఎప్పుడూ పడిపోయే సమయం వచ్చింది. మస్తాన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

గీత పడలేదు.

"చాప మీది ఆవాల్లా నికెల్ ముద్దకట్టకుండా ఉండటం ఒక్కటే కాదు," అంది నీరజాక్షి. "నా పుల్లల గరుకులోంచి ఆక్సిజన్ తేలిగ్గా ఊడొస్తుంది. పట్టిన మసిని పట్టినట్టే కాల్చేస్తుంది."

"ఈ సంగతి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పేలోపు అందరూ నవ్వుతున్నారుగా."

అతను క్యాంటీన్‌కి వెళ్లి ఆమెకి టీ, రెండు సమోసాలు తెచ్చిపెట్టాడు.

సాయంత్రం దాకా ఆ గీత అలాగే నడిచింది. కొలిమి ఆర్పి, చల్లారనిచ్చి, గొట్టం వంచారు. ఎక్కడో అంచున కాస్త నల్లటి చార. మిగతా పొడంతా ఇసుకలా జలజలా కాగితం మీదికి రాలింది.

మస్తాన్ వరండా పొడుగునా పరిగెత్తాడు. "మేడం! రాలింది! పొడి రాలింది మేడం!"

వెనకే నీరజాక్షి గొట్టం పట్టుకుని పరుగు. తలుపు దగ్గర ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకున్నారు. మేడం లేచొచ్చి ఆ గొట్టం అందుకుంది. కిటికీకేసి ఎత్తి, ఒక కన్ను మూసి, దానిలోంచి సముద్రాన్ని చూసింది. నోరారా నవ్వింది. ఆవిడ అంత పెద్దగా నవ్వడం ఇద్దరూ వినడం అదే మొదటిసారి.

ఆ సందడి సర్దుకున్నాక మస్తాన్ తన బల్ల దగ్గరికి వెళ్లి పాచికల సీసా పట్టుకొచ్చాడు. మూతని వేలితో తడిమాడు.

"వీటిని పారేయనా మేడం?"

"ఎందుకు?" అంది వసుమతి మేడం. "అవేం చేయగలవో నువ్వింకా అడగలేదుగా."