కనబడని మంట

పాలకడలిలో పవళించిన స్వామికి ఒక దణ్ణం పెట్టుకుని వినండి. వేలాపురం రాజు ఇందుశేఖరుడికి ఓడ ప్రయాణమంటే ప్రాణం, వంటపొగ తగిలితే దగ్గు. ఒకనాడు కొలువులో అన్నాడు: "ఇకమీదట మన ఓడలో పొయ్యి కట్టెసారంతోనే వెలగాలి. సరుకుగా కూడా అదే ఎక్కించండి."

కట్టెల్ని బట్టీపెట్టి దించే సారమది. నీళ్ళలా తేటగా ఉంటుంది. తాగితే చూపు పోతుంది, ఆ వెనకే ప్రాణమూ పోతుంది. మనం ఇప్పుడు మిథనాల్ అంటున్నామే, అదే.

రేవు అధికారి మల్లప్ప మీసం దువ్వాడు. "పీపాల పక్కనే పొయ్యి పెట్టిస్తాను ప్రభూ. పొగే లేనిచోట నిప్పేమిటి, భయమేమిటి?"

విదూషకుడు తిప్పన చేతులు జోడించి ముందుకొచ్చాడు. బల్లి మీద పడితే శాంతి చేయించుకునే మనిషి.

"పొయ్యి దూరంగా పెట్టించండి ప్రభూ. నా నీడ కదిలితేనే నేను పరిగెడతాను, నా వెనకాల నా పొట్ట వస్తుంది. ఓడలో వాళ్ళకి పరిగెత్తే చోటు కూడా ఉండదు."

"అయితే పొగలేని నిప్పుకీ భయపడాలని రేపు మధ్యాహ్నం రుజువు చెయ్యి," అన్నాడు రాజు. "ఓడావో, ఆ పీపాల మీద కూచుని నువ్వే ప్రయాణం చేస్తావు."

పందెం గెలిపించమని తిప్పన ఊళ్ళోని దేవుళ్ళందరికీ తలా ఒక కొబ్బరికాయ మొక్కుకున్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, కోట ముంగిట్లో ఇత్తడి పళ్ళెంలో కట్టెసారం పోశాడు. బారెడు కర్రకి వత్తి కట్టి, కళ్ళు మూసుకుని అంటించి, నీళ్ళ గంగాళం వెనక నక్కాడు.

"వెలిగిందండీ."

అందరూ వంగి చూశారు. ఎండ మెరుస్తోంది. పొగా లేదు, మంటా లేదు.

"కళ్ళు మూసుకుని అంటిస్తే అంటుకుంటుందటోయ్?" అన్నాడు మల్లప్ప. కొలువంతా నవ్వింది. వత్తి పక్కకి పోయిందేమోనని తిప్పనకే అనుమానం వచ్చింది.

"దగ్గరికెళ్ళకండి, ఉందండీ," అన్నాడు నీరసంగా.

"ఈ పళ్ళెం తుడిచి నీ చేతికే ఇస్తాను, ఉండు," అంటూ మల్లప్ప జరీ ఉత్తరీయం తీసి పళ్ళెంలో పెట్టాడు.

జరీ అంచు ముడుచుకుంది, నల్లబడింది, చూస్తుండగానే సగం బట్ట మాయమైంది. మల్లప్ప మిగతాది వదిలేసి గెంతాడు. తిప్పన గంగాళం ఎత్తి పళ్ళెం మీదా, బట్ట మీదా, మల్లప్ప మీదా కుమ్మరించాడు.

రాజు నోరు తెరిచాడు. "మాకెవరికీ కనబడని మంట నీకెలా కనబడింది తిప్పనా?"

"నాకూ కనబడలేదు ప్రభూ. కనబడనివాడికి భయపడటం గుళ్ళో అలవాటైంది, ఇక్కడ పనికొచ్చింది."

రాజు పడీపడీ నవ్వాడు. "అయితే కట్టెసారం మానేద్దామా?"

"కనబడడని దేవుణ్ణి మానేశామా ప్రభూ? మడి పాటిస్తాం, అంతే. పీపాలకి గట్టి మూత, గాలి ఆడే గది, దీపం దూరం, నీళ్ళు దగ్గర."

రాజు మెళ్ళో ముత్యాలహారం తీసి తిప్పన మెళ్ళో వేశాడు. "ఇంత భయభక్తులున్నవాడు మాకెక్కడ దొరుకుతాడు? ఆ మడి చూసుకోవడానికి ఓడలో నువ్వే వెళ్ళు."

తిప్పన నెత్తి కొట్టుకున్నాడు.

"పందెం గెలిపించమని మొక్కాను గానీ ప్రభూ, ఓడ ఎక్కించొద్దని మొక్కడం మరిచాను."

తడిసిన మల్లప్పతో సహా కొలువంతా ఘొల్లున నవ్వింది.