రాజుగారి పేరు మీదుగా

పూర్వం తూర్పు కొండల దిగువన ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ఉదయకేసరి మహారాజుకు కట్టించడమంటే మహా సరదా. వంతెన అనండి, బావి అనండి, సత్రం అనండి, అడిగిందే తడవుగా కట్టించేవాడు. పక్కనే తన బిరుదులన్నీ చెక్కిన నిలువెత్తు శాసనం నిలబెట్టించి, మేళతాళాలతో ప్రారంభం చేసి వచ్చేవాడు. ఆ తరువాత దాని మొహం చూసేవాడు కాదు.

ఎవరైనా వచ్చి "మహాప్రభో, వంతెన పలకలు పుచ్చిపోయాయి" అంటే ఆయనకు చిర్రెత్తుకొచ్చేది.

"కట్టించి ఇచ్చాను కదా! మరమ్మతులు చూసుకుంటూ కూర్చోవడానికి నేనేమన్నా వడ్రంగినా?"

మరీ బతిమాలితే ఆ ఊరికే మరో కొత్త కట్టడం, దానితోపాటు మరో శాసనం మంజూరయ్యేవి.

కొండల్లో జిల్లేడువాగుకు అవతల కొప్పులమెట్ట అని గుప్పెడు ఇళ్ళ గూడెం. రాజధాని నుంచి అక్కడికి చేరడమే గగనం. అలాంటి ఊరికి కూడా రాజుగారి దయవల్ల వంతెన, బావి, సత్రం, ధాన్యపు కొట్టు అన్నీ అమరాయి. అన్నీ పాడయ్యాయి కూడా. వంతెన చెదలు పట్టి వాగులో కొట్టుకుపోయింది. బావి ఒర కూలింది. కొట్టు కప్పు కారి విత్తనాల గింజలు ఉన్నచోటే మొలకెత్తాయి. చెక్కుచెదరకుండా నిలిచినవి శాసనాలే.

ఒక వానాకాలం గూడెంలో ఒకామెకు నొప్పులొచ్చాయి. పొరుగూరి మంత్రసాని వచ్చింది గానీ, వాగు దాటలేక ఒడ్డునే నిలబడిపోయింది. తల్లీబిడ్డా ఎలాగో బతికి బయటపడ్డారు. ఊరు మాత్రం హడలిపోయింది. వాగు కాస్త తగ్గగానే గూడెం పెద్ద ఈరమ్మ అందరినీ కూడగట్టి, శాసనాల రాళ్ళన్నీ పెకలించి, వాగులోని బండల మీద ఒకదాని తరువాత ఒకటిగా పరిపించింది. ఆ రోజు నుంచి రాకపోకలు సాగాయి.

సుంకాలు వసూలుచేసే అధికారి ఒకడు అది చూసి సభలో చెప్పేశాడు. రాజు సింహాసనం మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"నా పేరును కాళ్ళతో తొక్కుతారా! తొక్కిన ప్రతి పాదానికీ సంకెల వేయండి!"

ఆస్థాన విదూషకుడు మాచన్నకు ముందు నవ్వొచ్చింది. మరుక్షణమే ఆ నవ్వు ఆగిపోయింది. కాళ్ళకు సంకెళ్ళు పడితే ఆ కొండవాళ్ళు పోడు ఎలా చేస్తారు, పిల్లలకు ఏం పెడతారు?

"ఆజ్ఞ దివ్యంగా ఉంది ప్రభూ," అన్నాడు మెల్లగా. "మినహాయింపులేమైనా ఉన్నాయా?"

"లేవు! పండు ముసలైనా సరే, నన్ను కన్నతల్లి అయినా సరే!"

"అలాగే చాటింపు వేయిస్తాను. అయితే నేరం తమ కళ్ళతో చూసి విధిస్తేనే శిక్షకు అందం. తమరే దయచేయాలి."

ఊరేగింపు అంటే రాజుకు ఎప్పుడూ ఇష్టమే. సరేనన్నాడు. మాచన్న ముందుగా మనిషిని పంపి, రాజుగారి భోజనం వాగు అవతలే సిద్ధం చేయించమని ఈరమ్మకు కబురు పెట్టాడు.

మిట్టమధ్యాహ్నానికి పరివారం వాగు చేరింది. పొద్దుటి నుంచి రాజు ఏమీ తినలేదు. అవతలి ఒడ్డు నుంచి వేడన్నం, నిప్పుల మీద కాల్చిన కోడి వాసన గుప్పుమంటోంది.

"నేను వేయించిన వంతెన ఏది?"

"వాగునే అడగాలి ప్రభూ. తీసుకుపోయింది అదే."

"మరి దాటేదెలా?"

"ఈదవచ్చు. లేదా కొండ చుట్టి పొద్దుగూకేసరికి చేరవచ్చు. ఊరివాళ్ళు మాత్రం ఇలా దాటుతారు." మాచన్న రాళ్ళ వరస చూపించాడు. పల్లకీ పట్టేంత వెడల్పు లేదు.

రాజు సుడులు తిరిగే నీళ్ళకేసి చూశాడు. కొండకేసి చూశాడు. మళ్ళీ అన్నం వాసన వచ్చింది. కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని 'రాజాధిరాజ' మీద ఒక పాదం, 'వీరప్రతాప' మీద ఒక పాదం వేస్తూ అవతలికి నడిచాడు. రాళ్ళు కదలలేదు. వెనకే మాచన్న, భటులు దాటారు.

ఒడ్డెక్కగానే ఆయనకు కోపం గుర్తొచ్చింది. గూడెంవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"సంకెళ్ళు తెండి!"

భటుడి చేతిలోంచి మాచన్నే ఒక జత అందుకున్నాడు. నేరుగా వచ్చి రాజుగారి ముందు మోకరిల్లి, ఆయన పాదాన్ని భక్తిగా పట్టుకున్నాడు.

"ఏమిటిది మాచన్నా!"

"తమ ఆజ్ఞే ప్రభూ. మినహాయింపు లేదన్నారు. మా కళ్ళముందు మొదట తొక్కింది తమరే."

రాజు సంకెలకేసీ, తన పాదానికేసీ చూసుకున్నాడు.

"నాకు వేరే దారి లేదు కదయ్యా!" అన్నాడు రాజు.

"వీళ్ళకూ లేదు ప్రభూ. తమరు ఇచ్చినవాటిలో ఈనాటికీ పనికొస్తున్నది తమ పేరొక్కటే. అందుకే దాన్ని నమ్ముకుని బతుకుతున్నారు."

రాజు తాను దాటొచ్చిన రాళ్ళను తిరిగి చూశాడు. ముందు మీసం కదిలింది, తరువాత బొజ్జ కదిలింది. పడీపడీ నవ్వాడు.

"ఈ ఊరికి కొత్త వంతెన మంజూరు చేస్తున్నాను!" అన్నాడు విస్తరి ముందు కూర్చుంటూ.

వడ్డిస్తున్న ఈరమ్మ చెయ్యి ఆగింది. "కొత్తది ఇచ్చి ఎల్లిపోతారు దొరా. అదీ పుచ్చిపోతాది. ఒక దుంగ మార్చాలన్నా అడవి కొట్టడానికి మీ సెలవు కావాలి. ఆ సెలవు కోసం రాజధానికి వచ్చి పోయేలోగా వంతెన వాగులో పోతాది. కట్టింది బాగుచేసుకునే అధికారం మాకు ఇయ్యండి."

రాజు ముద్ద కలపడం మానేసి విన్నాడు. అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు: మారుమూల ఊళ్ళవాళ్ళు తమ వంతెనలకూ బావులకూ కావలసిన కలప, రాయి ఎవరినీ అడగకుండా తెచ్చుకోవచ్చు. ఏటా వానలు వెలిసాక వాటిని చక్కబెట్టే మనిషిని ఊరే ఎంచుకోవచ్చు; అతనికి పన్నులేని మాన్యం దక్కుతుంది.

మాచన్నకు తన చేతి కంకణం తీసి తొడుగుతూ ఈరమ్మకేసి తిరిగాడు.

"కొత్త వంతెన లేచాక నా శాసనాలు మళ్ళీ నిలబెట్టిస్తావా, అవ్వా?"

"వద్దు దొరా," అంది ఈరమ్మ. "వంతెన బాగుచేసుకునే రోజుల్లో దాటడానికి ఏదో ఒకటి ఉండాలి గదా!"

ఈసారి రాజుగారి నవ్వుకు విస్తరిలో మెతుకులు చెదిరాయి.