కోస్తే ద్రాక్ష తీగ ఎందుకు ఏడుస్తుంది

ఒకప్పుడు ద్రాక్ష తీగ కాసేది కాదు. పూసేదీ కాదు. పెరిగేది, అంతే. ఎందుకు పెరుగుతున్నావని అడిగితే, ఇంకా పెరగడానికి అని చెప్పేది.

ఆ రోజుల్లో ఒక రాళ్లకొండ కింద చిన్న ఊళ్లో ఓబులమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె పెరడు చిన్నదే గాని జానెడు చోటు కూడా వృథా పోనిచ్చేది కాదు. కంచె పొడవునా వాక్కాయ పొదలు. బావి దగ్గర దొండపాదు. గోడవారన బచ్చలి. పొద్దున్నే లేచి కడవ చంకనెత్తుకుని అన్నిటికీ నీళ్లు పోసి, అన్నిటితో మాట్లాడి, ఆ తర్వాతే పొయ్యి రాజేసేది.

ఆమె మొగుడు సిద్దప్ప పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆ ఇంట్లో మాట్లాడాల్సినవన్నీ మొక్కలే మాట్లాడేసేవి.

ఒకనాడు దొండపాదు, "నేను నేలమీద పడి దొర్లుతున్నాను. నాకో ఊతం కావాలి," అంది.

ఓబులమ్మ కొండ దగ్గర ఒక ఎండుపుల్ల ఏరుకొచ్చి దాని పక్కన గుచ్చింది. దొండపాదు ఆ పుల్లను పట్టుకుని సంతోషంగా లేచి నిలబడింది.

కొన్నాళ్లకు ఆ పుల్ల చిగురేసింది.

"నువ్వెవరమ్మా?" అని అడిగింది ఓబులమ్మ.

"ద్రాక్ష తీగను," అంది పుల్ల.

"ఎండుపుల్లవనుకున్నానే!"

"నిద్రపోయాను. నువ్వు నీళ్లు పోస్తుంటే మెలకువొచ్చింది."

"కాస్తావా?"

"కాస్తాను. ముందు పెరగాలి."

అది న్యాయమైన మాటే అనిపించింది ఓబులమ్మకు. పెరగకుండా ఎవరు కాస్తారు? సిద్దప్ప చేత నాలుగు గుంజలు పాతించి, పైన కర్రలు పరిపించి పందిరి వేయించింది. తీగ పందిరెక్కింది. పనిలో పనిగా దొండపాదు మీద కూడా ఎక్కింది.

"ఊతం అడిగితే ఊతమే వచ్చి నా నెత్తినెక్కింది," అంది దొండపాదు. ఎవరూ పట్టించుకోలేదు.

పందిరి నిండాక ఓబులమ్మ మళ్లీ అడిగింది. "ఇక కాస్తావా, తల్లీ?"

"ఇక్కడా?" అంది తీగ. "ఇక్కణ్ణుంచి చూస్తే మీ ఇంటి కప్పు కనబడుతోంది. ఆ కప్పెక్కితే ఎంత బాగుంటుందో! అక్కడికెళ్లి కాస్తాను."

కప్పెక్కింది. కప్పు మీంచి చూస్తే కొండ కనబడింది.

"కొండెక్కి కాస్తాను," అంది తీగ.

అది అబద్ధాలకోరు కాదు. చెప్పిన ప్రతిసారీ మనసారా చెప్పేది. అందుకే ఓబులమ్మ ప్రతిసారీ నమ్మేది.

ఆ ఏడు వానలు దండిగా కురిశాయి. తీగ పందిరి దాటి, కప్పు దాటి, కిటికీల మీదికి దిగింది. దండెం మీద ఆరేసిన సిద్దప్ప పంచెను తనలో కలిపేసుకుంది. ఒక మధ్యాహ్నం బర్రె పడుకుని నెమరువేస్తుంటే దాని కొమ్ములకు చుట్టుకుంది. బర్రె లేవబోయి, లేవలేక, మళ్లీ పడుకుంది.

"నీకు ఇబ్బందిగా లేదా?" అని అడిగింది ఓబులమ్మ.

"నేనెక్కడికైనా పోయేదుందా?" అంది బర్రె.

వాక్కాయ పొదలు మాత్రం దిగులుపడ్డాయి. వాటి మీద ఎప్పుడూ నీడే. పూత నిలిచిపోయింది. "ఓబులమ్మా, ఎండ పచ్చగా ఉంటుందా, ఎర్రగా ఉంటుందా? మరిచిపోయాం," అన్నాయి.

ఆమె తల పైకెత్తి సూర్యుణ్ణి కేకేసింది. "ఏమయ్యా, మా పెరట్లోకి ఎందుకు రావడం లేదు?"

"రోజూ వస్తూనే ఉన్నాను," అన్నాడు సూర్యుడు ఆకులపైనుంచి. "నన్ను లోపలికి రానిచ్చేవాళ్లు లేరు."

ఒక సాయంత్రం సిద్దప్ప పొలంనుంచి వచ్చి, వీధిలో నిలబడి అటూ ఇటూ చూశాడు.

"ఏమే, మన ఇల్లు ఎక్కడా?"

"నీ ఎదురుగానే ఉంది. ఇలా చెయ్యి పెట్టు," అంది ఓబులమ్మ ఆకుల్లోంచి.

లోపలికొచ్చి కాళ్లు కడుక్కుని, "దాన్ని కోసేయ్," అన్నాడు సిద్దప్ప.

ఓబులమ్మ ఉలిక్కిపడింది. అప్పట్లో ఎవరూ తీగల్ని కోసేవారు కాదు. ఆకు గిల్లేవారు, కాయ తెంపేవారు. కాడ మీద కత్తి పెడితే ప్రాణం పోతుందని అందరి నమ్మకం.

"నా చేత్తో గుచ్చిన పుల్ల అది. నీళ్లు పోసి నిద్ర లేపాను. ఇప్పుడు నా చేత్తో చంపమంటావా?" అంది. "కాస్తానంది కదా. చూద్దాం."

ఆ రోజుకు సిద్దప్ప మాటలు అయిపోయాయి.

వానలు వెనకబట్టే వేళకు కూతురు సుంకమ్మ పురిటికి పుట్టింటికి వచ్చింది. నిండు నెలలు. వీధిలో బండి దిగి, తల్లి పచ్చటి గుట్టలోంచి తల బయటపెట్టడం చూసి నోరు తెరిచింది.

"వాకిలేదమ్మా?"

"ఇక్కడే ఉంది. వంగి రా. కడుపు జాగ్రత్త."

సుంకమ్మను లోపలికి తెచ్చుకోడానికి తల్లీ తండ్రీ ఇద్దరూ తీగల్ని ఎత్తి పట్టుకోవాల్సి వచ్చింది. ఆమె లోపలికి రాగానే తీగలు మళ్లీ కలిసిపోయాయి.

ఆ రోజునుంచి ఓబులమ్మ పొద్దున లేవగానే గడప మీది తీగల్ని పక్కకు తోసేది. మధ్యాహ్నానికి అవి మళ్లీ వచ్చేవి. మళ్లీ తోసేది. రానురాను అవి చేతి మందం అయ్యాయి. తోస్తే కదలడం మానేశాయి.

ఒక పొద్దున సుంకమ్మకు నొప్పులు మొదలయ్యాయి.

సిద్దప్ప వెనక కిటికీలోంచి ఎలాగో దూరి, కింద వీధిలో ఉన్న మంత్రసాని కదిరమ్మ కోసం పరుగెత్తాడు. కదిరమ్మ ఆ ఊళ్లో పిల్లలందర్నీ భూమ్మీదికి తెచ్చిన మనిషి. పెద్ద ఒళ్లు, పెద్ద గొంతు. రొప్పుకుంటూ వచ్చి ఇంటిముందు నిలబడింది. కిటికీ చూసింది. తన ఒళ్లు చూసుకుంది.

"ఓబులమ్మా, వాకిలి తెరువు!"

"తెరిచే ఉందక్కా! తీగ మూసేసింది!"

లోపల సుంకమ్మ అరిచిన అరుపుకు కప్పు మీది పిచ్చుకలు లేచిపోయాయి. బిడ్డ అడ్డం తిరిగిందని ఓబులమ్మ చేతికి తెలుస్తోంది. ఏంచేయాలో మాత్రం తెలియడం లేదు. అది తెలిసిన మనిషి గోడకు అవతల ఉంది.

ఓబులమ్మ గడప దగ్గరికి వచ్చి తీగ మీద చెయ్యి వేసింది.

"తల్లీ, కొంచెం పక్కకు జరుగు."

"జరగడం నాకు రాదు," అంది తీగ. "పెరగడమొక్కటే వచ్చు."

"పోనీ వెనక్కి పో."

"వెనక్కి ఎలా పోతారు?"

"నా బిడ్డ చచ్చిపోతుందే!"

తీగకు నిజంగానే జాలేసింది. "ఇంకొంచెం ఓపిక పట్టు, ఓబులమ్మా. కొండ దగ్గరికొచ్చేసింది. చేరగానే కాస్తాను. మొదటి పండ్లు నీ బిడ్డకే."

ఓబులమ్మ లోపలికెళ్లి చూరులో దోపిన కొడవలి తీసింది.

తీగ దాన్ని చూసింది. "ఓబులమ్మా, అదేంటి?"

"కొడవలి."

"నన్ను కోస్తావా?"

"కోస్తాను."

"చచ్చిపోతానేమో."

"చచ్చిపోతావేమో," అంది ఓబులమ్మ. కళ్లు గట్టిగా మూసుకుని, మళ్లీ తెరిచి, కొడవలి వేసింది.

అడ్డంగా ఉన్న కాడ తెగింది. దాని వెనక ఇంకోటి. అదీ కోసింది. కోస్తూ కోస్తూ గడప దాటింది. అవతలనుంచి కదిరమ్మ రెండు చేతులా ఆకులు పీకేస్తోంది. చివరికి ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"నీళ్లు కాయి," అంది కదిరమ్మ. జుట్టునిండా ఆకులతో లోపలికి నడిచింది.

ఆ తర్వాత ఓబులమ్మ పొయ్యి దగ్గర కూర్చుని నీళ్లు కాస్తూనే ఉంది. నీళ్లు ఎప్పుడో కాగాయి. అయినా కాస్తూనే ఉంది. చాలాసేపటికి లోపలినుంచి సన్నగా ఏడుపు వినిపించింది. ఆ వెనకే కదిరమ్మ గొంతు. "ఆడపిల్ల! తల్లి బాగుంది!"

అప్పుడు చూసుకుంది ఓబులమ్మ. చేతిలో కొడవలి ఇంకా అలాగే ఉంది.

తెరిచిన వాకిట్లోంచి సూర్యుడు లోపలికొచ్చి, పసిదాని కాళ్ల దగ్గర ఆగాడు.

"ఈమె ఎవరు?"

"నా మనవరాలు."

"నేను లేనప్పుడు చాలానే జరిగిందే," అన్నాడు సూర్యుడు.

గడప దగ్గర కోసిన తీగలు వాడిపోయాయి. సిద్దప్ప, ఓబులమ్మ కలిసి మిగతాదాన్ని కూడా పందిరి దాకా కోసి లాగేశారు. కిటికీలు బయటపడ్డాయి. బర్రె కొమ్ములు బయటపడ్డాయి. పంచె బయటపడింది గాని, అది పచ్చ రంగుకు తిరిగిపోయింది. సిద్దప్ప దాన్నే కట్టుకున్నాడు.

పందిరి కింద ఒక మోడు, నాలుగు పొట్టి కొమ్మలు మిగిలాయి. కోసిన ప్రతిచోటినుంచీ నీళ్లు కారుతున్నాయి. ఒక బొట్టు. దాని వెనక ఇంకో బొట్టు.

ఓబులమ్మ దగ్గరికెళ్లి కూర్చుంది. "బతికే ఉన్నావా, తల్లీ? ఏడుస్తున్నావా?"

"లేదు," అంది తీగ.

"మరి ఈ నీళ్లేంటి?"

"నీకెందుకు?"

ఓబులమ్మ కొంగుతో తుడిచింది. ఆగలేదు. పేడ మెత్తింది. పేడ పక్కనుంచి కారాయి. చేసేదిలేక ఆమె ఊరికే పక్కన కూర్చుంది.

"నిన్ను కోసినందుకు నాకు బాధగానే ఉంది," అంది కాసేపటికి. "కోయకుండా ఉండాల్సిందని మాత్రం అనను."

"నీతో మాట్లాడను."

"సరే."

"ఇంకెప్పుడూ మాట్లాడను."

"సరే. నీళ్లు పోయనా?"

తీగ కోసిన చోటునుంచి ఇంకో బొట్టు రాలింది. "పోయ్," అంది.

ఓబులమ్మ రోజూ నీళ్లు పోసేది. తీగ రోజూ తాగేది, రోజూ ఏడ్చేది, మాట్లాడేది కాదు. వాక్కాయ పొదలు ఎండ తగిలి గుప్పున పూశాయి. అది చూసి తీగ ఇంకొంచెం ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఒకరోజు దానంతటదే ఊరుకుంది.

కొన్నాళ్లకు తీగే పిలిచింది. "ఓబులమ్మా, ఒకసారి ఇలా రా. నాకేదో జబ్బు చేసింది."

ఓబులమ్మ పసిదాన్ని భుజాన వేసుకుని పరుగెత్తింది. కోసిన చోటు పక్కనే కొత్త చిగురు లేచింది. ఆ చిగురు దగ్గర, ఆవగింజల్లాంటి ఆకుపచ్చ గింజలు గుంపుగా పట్టుకుని ఉన్నాయి.

"ఒళ్లంతా ఇలాంటివే. దురద. పోతానంటావా?" అంది తీగ.

ఓబులమ్మకూ అంతుపట్టలేదు. దొండపాదు మెడ చాచి చూసి, తనకు తెలియదంది. బర్రె వాసన చూసి, తినొచ్చా అని అడిగింది. కంచె దగ్గరనుంచి వాక్కాయ పొద తాపీగా అంది, "జబ్బు కాదు. అది పూత."

"పూతా? నాకా?"

"నీకే."

"కొండ ఎక్కకుండానా?"

తీగే ఆలోచించుకుని, నెమ్మదిగా చెప్పింది. "నువ్వు కోశాక పోవడానికి చోటు లేదు, ఓబులమ్మా. నా దగ్గరున్న బలమంతా ఏంచేసుకోవాలో తెలియలేదు. ఊరికే ఉండలేక అక్కడే ఏదో చేశాను."

ఆ ఏదో గుత్తులయింది. శివరాత్రి నాటికి గుత్తులు నిండి, రంగు తిరిగి, పందిరి కిందికి వేలాడాయి. మొదటి గుత్తి కదిరమ్మకు పంపారు. ఆమె గింజలతో సహా తిని, ఇంకోటి పంపమంది. సుంకమ్మ కడుపునిండా తింది. సిద్దప్ప ఒక పండు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. అతనేదో అంటాడని అందరూ చూశారు. అతను ఇంకో పండు నోట్లో వేసుకున్నాడు.

తీగకు మాత్రం గర్వం ఆగలేదు. ఆ ఉత్సాహంలో వానాకాలం రాగానే మళ్లీ పెరిగింది. పందిరి నిండింది. ఆకులే ఆకులు. ఒక్క పువ్వు లేదు.

వానలు తగ్గాక ఒక పొద్దున, నీళ్లు పోస్తున్న ఓబులమ్మతో తీగ మొహమాటంగా అంది. "ఇంట్లో కొడవలి ఉందా?"

"ఉంది."

"పదునుగా ఉందా?"

"నూరించాను."

"అయితే కానీ. తొందరగా కానీ."

ఓబులమ్మ కోసింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. కోసిన పుల్లల్ని ఊళ్లోవాళ్లు తలా ఒకటి తీసుకెళ్లి పెరట్లో నాటుకున్నారు. ఇటు తీగ బొటబొటా ఏడవడం మొదలుపెట్టింది.

"నువ్వేగా కోయమన్నావు?" అంది ఓబులమ్మ కొంగుతో తుడుస్తూ. "మళ్లీ ఈ ఏడుపెందుకే?"

"కోయమన్నాను," అంది తీగ. "నొప్పెట్టదని అన్నానా?"

అప్పటినుంచే, వానలు వెనకబట్టాక ద్రాక్ష తీగను కోస్తే, కోసిన ప్రతిచోటా బొట్టుబొట్టుగా కన్నీళ్లు కారుస్తుంది. తుడిస్తే ఆగదు, బతిమాలితే ఆగదు. తనకు చాలనిపించేదాకా ఏడ్చి, ఆ పక్కనే చిగురేసి, గుత్తులు గుత్తులుగా కాస్తుంది.