చిమ్మిలి మందు

శరభాచార్యులుగారు పసిపిల్లల వైద్యానికి పేరుపడ్డ మనిషి. ఆయన ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. శిష్యుల్లో ఎవరు కొత్త మందు కనిపెట్టినా ఇంకొక శిష్యుడు దానిలో తప్పు వెతకాలి. వెతికినవాడు సరేనన్నాకే ఆ మందు గడప దాటి ఊళ్లకు వెళ్లేది.

సోమయ్య నిన్నగాక మొన్న చేరినవాడు. నులిపురుగులకిచ్చే చేదు మందును నువ్వులూ బెల్లంతో కలిపి దంచి, చిమ్మిలి ఉండలు చేశాడు. ముక్కు మూసి పోస్తే తప్ప మింగని పిల్లలు ఇప్పుడు తామే వచ్చి చేయి చాపుతున్నారు. పరీక్ష కోసం ముందుగా మందు ఇచ్చిన నాలుగిళ్ల తల్లులూ సోమయ్యను నెత్తిన పెట్టుకున్నారు. అందరికన్నా ముందునుంచీ ఉన్న కూర్మనాథానికి కడుపు భగ్గుమంది. ఉండబట్టలేక గురువుగారినే అడిగేశాడు.

"వాడికి ఉన్నదేమిటండీ, నాకు లేనిదేమిటి?"

ఆచార్యులుగారు సోమయ్య మందులో తప్పు వెతికే పని అతనికే అప్పగించారు.

కూర్మనాథం ఇంత ఇష్టంగా ఏనాడూ పని చేసి ఎరగడు. ఉండలు నలిపి చూశాడు, నాకి చూశాడు, మందు తిన్న పిల్లల ఇళ్లన్నీ చుట్టాడు. పురుగులు పోయి పిల్లలు తేరుకుంటున్నారు. అది చూసి పాపం అతనికి ఏడుపొచ్చినంత పనైంది. అంతలో ఒక ఇంట్లో, తిరగేసిన గంప ఎక్కి గూట్లోని మందు అందుకోబోతున్న పిల్లను తల్లి రెక్క పట్టి దించడం కంటపడింది. ఒక ఉండ మందు, గుప్పెడు తింటే విషం. చేదుగా ఉన్నన్నాళ్లూ ఈ భయం లేదు.

దారి పొడుగునా సంతోషం అతన్ని నిలవనీయలేదు. చెబితే సోమయ్య సరిదిద్దుకుంటాడు, ఇంకా గొప్పవాడవుతాడు. చెప్పకపోతే ఎక్కడో ఒకచోట ఒక బిడ్డ... బిడ్డ దగ్గర ఆలోచన ఆపేసి, సోమయ్య పేరు మట్టిగొట్టుకుపోవడం ఒక్కటే తలచుకున్నాడు. ఇంటికొచ్చి, ఏ తప్పూ లేదండీ, బంగారంలాంటి మందు, అన్నాడు.

సోమయ్య గురించి అతని నోట ఒక మంచిమాట వినడం ఆచార్యులుగారికి అదే మొదలు. మర్నాడు పొద్దున ఆయన ఉండల జాడీ తెచ్చి, మూత తీసి అరుగు అంచున పెట్టి, గోడకానుకుని కళ్లు మూసుకున్నారు. వాకిట్లో ఆడుకుంటున్న మనవరాలు వచ్చి రెండు చేతులూ జాడీలో పెట్టి, తీసి నోట్లో కుక్కుకుంది.

కూర్మనాథం నూరుతున్న కల్వం వదిలేసి పరుగెత్తాడు. పిల్ల చేతులు విదిలించి, నోట్లో వేలు పెట్టి కక్కించి, జాడీని గుండెలకు హత్తుకుని కూలబడ్డాడు.

"ఇది పిల్లలకి అందేచోట ఉండకూడదండీ. చచ్చిపోతారు."

ఆచార్యులుగారు జాడీలోంచి ఒక ఉండ తీసి తన నోట్లో వేసుకున్నారు. ఏడుస్తున్న మనవరాలికి రెండిచ్చారు. అవి ఒట్టి చిమ్మిలి ఉండలు.

"సోమయ్య కంటికి ఆనని తప్పు నీకు ఆనింది, నాయనా. కాని నిన్న నోరు మూసుకున్నవాడొకడు, ఇవాళ పరుగెత్తినవాడొకడు. ఆనాడు నువ్వడిగిన ప్రశ్నకు జవాబు వాళ్లిద్దరిలో ఎవరికి చెప్పమంటావు?"