వీర్రాజు కెమెరా, మైలయ్య గానుగ

అడవి అంచున సంతవీధిలో మైలయ్య అనే ఎద్దుకు ఒక నువ్వుల గానుగ ఉండేది. అది ఊరికే రాలేదు. సగం జీవితం కళ్లకు గంతలు కట్టించుకుని పరాయి గానుగ చుట్టూ తిరిగి, మెడ కాయలు కాసిపోయాక తనదంటూ పెట్టుకున్న గానుగ. ఇప్పుడు యజమానీ తనే, తిరిగే ఎద్దూ తనే. ఆ పాత గంతల్ని మాత్రం కొట్టు గుంజకు తగిలించుకున్నాడు. "మళ్లీ అవి కట్టుకునే రోజొస్తే మైలయ్య చచ్చాడనుకోండి" అనేవాడు.

ఎదురుగా వీర్రాజు అనే నక్క ఇనుప మర పెట్టాడు. రంగుల బోర్డు, మైకులో పాటలు, గాజు సీసాలు. కరెంటు స్తంభానికి ఓ కెమెరా కూడా బిగించాడు. దొంగల కోసమన్నాడు. కానీ అది చూసేది మైలయ్య కొట్టు వైపు.

మైలయ్య కొలత మీద కాస్త కొసరు పోస్తే, మధ్యాహ్నానికల్లా వీర్రాజు రెండింతలు పోసేవాడు. మైలయ్య పిల్లలకు తెలగపిండి ముద్ద పెడితే, అక్కడ రెండు ముద్దలు. సొంత బుర్రతో చేసిన పని ఒక్కటి లేదు. అయినా జనం అటే పోతున్నారు. మైలయ్యకు ఒళ్లు మండిపోయేది.

అంతలో భద్రమ్మ ఏనుగు కబురు పంపింది. అడవి మొత్తానికి ఆవకాయ పెట్టేది ఆవిడే. "వచ్చే సంతకు ఇద్దరూ నా కళ్లముందే నూనె తియ్యండి. నచ్చినవాళ్ల దగ్గరే ఏడాది పొడుగునా కొంటాను" అంది.

వీర్రాజు తోక ఊపుకుంటూ వచ్చాడు. "మావా, ఓడిపోతే దిగులు పెట్టుకోకు. మా మర దగ్గర బస్తాలు మొయ్యడానికి మనిషి కావాలి. గంతలు ఎలాగూ నీ దగ్గరే ఉన్నాయిగా!"

అతను అటు పోగానే మైలయ్య కొమ్ములు వంచి స్తంభం మీదికి బయల్దేరాడు. పక్కన గింజల కొట్టు నడిపే ముత్యాలు అనే గిన్నికోడి రెక్కలు చాచి అడ్డం నిలబడింది.

"ఆగు అన్నా! దాన్ని పగలగొడితే ఇంకోటి పెడతాడు. ఉండనీ. కరెంటు వాడిది, కెమెరా వాడిది, సినిమా మాత్రం మనం ఆడదాం."

"నాకు సినిమాలు రావు తల్లీ. గుండ్రంగా తిరగడమే వచ్చు."

"సరే, ముందు మన బేరాలు ఎందుకు పోయాయో కనుక్కుందాం" అని ముత్యాలు ముక్కుతో ఫోన్ పొడిచి, సంత గ్రూపులో అడిగింది: "మైలయ్య కొట్టు మానేసినవాళ్లు ఎందుకు మానేశారో చెప్పండి. ఏమీ అనుకోడు."

"అనుకుంటాను" అన్నాడు మైలయ్య.

"అనుకో. పైకి అనకు."

తిట్లు వచ్చిపడ్డాయి. "నీ సీసాలు కారతాయి, నా బొచ్చంతా నూనే" అంది కుందేలు. "ఏదన్నా అడిగితే కొమ్ములు చూపిస్తాడు" అంది మేక. మైలయ్య బుసకొట్టాడు కానీ, సాయంత్రానికల్లా బిగుతు మూతలు తెప్పించాడు. మేకను "రామ్మా" అని పిలవడం కూడా మొదలుపెట్టాడు. ఆ పిలుపుకు మేక భయపడి రెండడుగులు వెనక్కి వేసింది.

గ్రూపులో ఉడుత ఒక మాట రాసింది: "వీర్రాజు నూనె చౌకే, కానీ మర భగభగమంటుంది. సీసా పట్టుకుంటే అరచెయ్యి కాలింది."

ముత్యాలు తల వంకరగా పెట్టి అడిగింది. "అన్నా, నువ్వు నువ్వుల్లో ఏదో వేస్తావు కదా?"

"తాటిబెల్లం. పిండి ముద్దకట్టి నూనె విడుస్తుంది. మా తాతల నాటి పద్ధతే."

"మరి అదే బెల్లం ఆ భగభగమనే మరలో పడితే?"

మైలయ్య నెమరు ఆపేశాడు. తర్వాత లేచి, గానుగకు అడ్డంగా కట్టిన గోనెపట్టాను కెమెరాకు రోలు కనబడేలా కొద్దిగా పక్కకు జరిపాడు.

మర్నాడు ముత్యాలు దొంగలా అటూ ఇటూ చూసి, రెక్క కింద దాచిన బెల్లం ముక్కను రోట్లో పడేసింది. "ఎవరూ చూళ్లేదు కదా?" అంది, కెమెరాకు బాగా వినబడేలా. మైలయ్య గొంతు తగ్గించబోయి రంకె వేశాడు. "ష్! మన రుచి అంతా ఆ తాటిబెల్లంలోనే ఉంది!"

ఎదుటి కొట్టులో వీర్రాజు తెర ముందు ఎగిరి గంతేశాడు. "ముసలాడి గుట్టు దొరికింది! వాడు ముక్క వేస్తే నేను బుట్ట వేస్తా!"

సంత రోజున భద్రమ్మ వచ్చి రెండు కొట్ల మధ్య కూర్చుంది. వీధి అంతా మూగింది. మైలయ్య గానుగ కిర్రు కిర్రుమంటూ మెల్లగా తిరిగింది. బంగారు రంగు నూనె చల్లగా జారింది.

వీర్రాజు మర దడదడలాడింది. తాటిబెల్లం బుట్టలు ఒకటి వెనక ఒకటి కుమ్మరించాడు. కాసేపటికి మర మూలిగింది, పొగలు కక్కింది, నల్లటి పాకం కక్కి బిగుసుకుపోయింది. తొంగిచూసిన వీర్రాజు మీసాలు గరాటుకు అంటుకున్నాయి. మాడు వాసనకు భద్రమ్మ తుమ్మితే రంగుల బోర్డు ఊడిపడింది.

"మోసం! నన్ను మోసం చేశాడు!" మీసాలు పీక్కుంటూ అరిచాడు వీర్రాజు.

"ఏం మోసంరా? బెల్లం వేశాను, బెల్లమే చూపించాను" అన్నాడు మైలయ్య. "వచ్చి అడిగుంటే, నీ వేడి మరలో వెయ్యకూడదని కూడా చెప్పేవాణ్ణి. ఎన్నాళ్లుగా చూస్తున్నావు, ఏది ఎందుకు చేస్తున్నావని ఒక్క మాట అడిగావా?"

భద్రమ్మ తొండంతో చల్లటి నూనె చప్పరించి, "ఈ ఏడు ఆవకాయ మైలయ్య నూనెతోనే" అంది. "మూతలు మాత్రం బిగించి పంపు. నీ సీసాల కథ నేనూ విన్నాను."

ముత్యాలు కిసుక్కున నవ్వింది.

మైలయ్య గుంజ దగ్గరికి వెళ్లి పాత గంతలు దింపాడు. వీర్రాజు భయంతో మెడ ముడుచుకున్నాడు. మైలయ్య అతన్ని దాటిపోయి, స్తంభం దగ్గర మెడ చాచి, వాటిని కెమెరాకు తగిలించాడు.

"పాపం, చూసి చూసి అలిసిపోయింది. కాస్త పడుకోనీ" అన్నాడు.

పక్కవాడు ఏం చేస్తున్నాడో చూస్తే సరిపోదు, ఎందుకు చేస్తున్నాడో తెలిశాకే తన కొట్టులో అది చెయ్యాలి.