నెమలి తోకకు అందని నెయ్యి

సాగరపురం రాజు వజ్రసేనుడికి ఒక కోరిక పుట్టిందంటే అది తీరేదాకా కోటలో ఎవరికీ కంటి మీద కునుకు ఉండదు. ఒకసారి ఆయన పడవ మీద షికారుకు వెళ్ళి నీటి అడుగున పగడాలను చూశాడు. ఇంకేముంది, వాటిని రోజూ కోటలోనే చూడాలన్నాడు. అదీ మామూలు తొట్టిలో కాదు. వంపు తిరిగిన పొడవాటి తోక ఉన్న నెమలి ఆకారపు తొట్టిలో.

ఆస్థాన స్థపతి విరూపాక్షాచారి రాతితో తొట్టి కట్టాడు. సముద్రపు నీళ్ళు నెమలి ముక్కు దగ్గర వచ్చి పడతాయి. పొట్ట దగ్గరున్న తూములోంచి బయటికి పోతాయి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉందని అందరూ అన్నారు. అందరికంటే ముందు ఆచారే అన్నాడు.

నెల తిరక్కుండానే తోకలో ఉన్న పగడాలు పాలిపోయాయి. వాటి మీద పాచి పేరుకుంది. తల దగ్గరివి మాత్రం ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

రాజు మండిపడ్డాడు. ఆచారి ఏమాత్రం తొణకలేదు. తొట్టిలో లోపం లేదు, దాన్ని చూసుకునే పోలయ్యే పగడాలను సరిగ్గా తుడవడం లేదు అన్నాడు. పాపం, పోలయ్య తెల్లారింది మొదలు ఆ తోకలోనే కూర్చుని పాచి తీస్తూ ఉండేవాడు. తీసిన చోటే మళ్ళీ పట్టేది. రాజు అదేమీ వినిపించుకోలేదు. మర్నాడు తన పుట్టినరోజు విందు ముగియగానే పోలయ్య పెళ్ళాంబిడ్డలతో సహా కోట విడిచి వెళ్ళాలని ఆజ్ఞ ఇచ్చాడు.

పోలయ్య ఏడుస్తూ ఓబళయ్య దగ్గరికి వెళ్ళాడు. ఓబళయ్య రాజును నవ్వించే ఉద్యోగంలో ఉన్నవాడు. అప్పుడప్పుడు బుద్ధి చెప్పే పని కూడా ఆయనదే, దానికి మాత్రం జీతం లేదు.

ఓబళయ్య తొట్టి దగ్గరికి వచ్చి, గుప్పెడు పూలరేకులు ముక్కు దగ్గర నీళ్ళలో చల్లాడు. రేకులు మెడ దాటి పొట్టలోకి వెళ్ళి, అక్కడ ఒక చుట్టు తిరిగి, తూములోంచి బయటికి పోయాయి. తోక వైపు ఒక్కటైనా వెళ్ళలేదు. సంగతి అర్థమైంది. కానీ ఈ నెమలి రాజుగారి ముచ్చట. తొట్టికి వంక పెడితే ఆయనకే వంక పెట్టినట్టు. ఓబళయ్య కాసేపు గడ్డం గోక్కుని, తిన్నగా రాజు దగ్గరికి వెళ్ళి, రేపటి విందులో బంతి తీర్చే పని తనకు ఇప్పించమని అడిగాడు. రాజు సరేనన్నాడు.

మర్నాడు భోజనశాలలో నేల మీద పెద్ద నెమలి ముగ్గు కనిపించింది. ఆ గీతల వెంబడే విస్తళ్ళు వేశారు. రాజుగారిది తల దగ్గర. ఆచారిని ఓబళయ్య చేయి పట్టుకుని తోక చివరికి తీసుకెళ్ళాడు. నెమలికి అందమంతా తోకలోనే ఉందని, అది మలిచిన చేతికే ఆ చోటు తగునని చెప్పాడు. ఆచారి పొంగిపోయి, కండువా సర్దుకుని కూర్చున్నాడు.

వడ్డించేవాళ్ళకు ఓబళయ్య చెప్పింది ఒక్కటే. ముక్కు దగ్గరి తలుపులోంచి రావాలి, పొట్ట దగ్గరి తలుపులోంచి పోవాలి.

పప్పు వచ్చింది. పొట్ట దాకా వచ్చి గిన్నె ఖాళీ అయింది. నెయ్యి వచ్చింది, అదీ అక్కడే మళ్ళింది. పులిహోర వాసన మాత్రం తోక దాకా వచ్చింది. ఆచారి విస్తట్లో ముందే వేసి ఉంచిన ఉప్పూ, ఆవకాయ ముక్కా తప్ప మరేమీ లేవు. బంతిలో కూర్చున్నాక రాజు లేవకుండా లేవకూడదు. కేకేసి అడుక్కోవడం ఆచారికి నామోషీ. తోకలో కూర్చున్న మిగతావాళ్ళు ఆయన ముఖం చూసి తమ ఆకలి కూడా మరిచిపోయారు.

రాజు పెరుగన్నం కలుపుకునే వేళకు ఆచారి ఇక ఆగలేకపోయాడు. తన విస్తరి ఇంకా ఖాళీగానే ఉందని మొరపెట్టుకున్నాడు.

రాజు పక్కనే బంతిలో కూర్చున్న ఓబళయ్య లేవకుండానే తల తిప్పి చూశాడు.

"తప్పు మీదే అయ్యుంటుంది ఆచారిగారూ. విస్తరి సరిగ్గా తుడుచుకుని ఉండరు."

ఆచారికి ఒళ్ళు మండిపోయింది.

"తుడుచుకుంటే అన్నం వస్తుందటయ్యా? ఈ వైపుకు మనిషే రాకపోతే నేనెంత తుడిస్తే మాత్రం ఏం లాభం? ఇదిగో, తోక దగ్గర ఇంకో తలుపుంది. కాసేపు అటునుంచి, కాసేపు ఇటునుంచి వడ్డించమను. అప్పుడు అందరికీ అందుతుంది. ఈ మాత్రం తెలియదా?"

ఓబళయ్య రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మహాప్రభూ, మీ పగడాలు ఇన్నాళ్ళుగా మనవి చేసుకుంటున్నది ఇదే. వాటికి నోరు లేదు కదా అని, ఆచారిగారి నోరు కాస్త అరువు తెచ్చాను."

రాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తొట్టి ముక్కు, తూము, తోక ఒక్కొక్కటే ఆయన కళ్ళ ముందు తిరిగాయి. తర్వాత పొలమారేలా నవ్వాడు. రాజు నవ్వాక బంతి అంతా నవ్వింది. తోకలో ఆకలితో ఉన్నవాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు.

తొట్టి తోక దగ్గర రెండో కాలువ తవ్వించమనీ, ఒక పూట ముక్కు నుంచి, ఒక పూట తోక నుంచి నీళ్ళు వదలమనీ రాజు అక్కడికక్కడే చెప్పాడు. ఆ కాలువ అజమాయిషీ పోలయ్యకే అప్పగించాడు. గుమ్మం దగ్గర మూట పట్టుకుని నిలబడ్డ పోలయ్య, మూట అక్కడే వదిలేసి లోపలికి వచ్చి దండం పెట్టాడు. రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి ఓబళయ్యకు ఇస్తూ, ఇంకేమైనా కావాలా అని అడిగాడు.

"తోక తలుపు తీయించండి ప్రభూ. ఆచారిగారి నెయ్యి పేరుకుపోతోంది."

తలుపు తీశారు. వేడి అన్నం, దాని మీద నెయ్యి తిన్నగా ఆచారి విస్తట్లోకి వచ్చి పడ్డాయి. ఆయన ఎవరి వంకా చూడలేదు. విస్తరి మాత్రం ఈసారి శుభ్రంగా తుడిచేశాడు.