గంట కట్టిన గడకర్ర

అనగనగా ఒక ఇసక ఏరు. వానలు వెలిశాక జనాన్ని ఆ ఏరు దాటించేది ఒకే ఒక్కడు, ఓబులేసు. ముందు ఆయన నడుస్తాడు, వెనక జనం ఒకరి బట్ట కొస ఒకరు పట్టుకుని నడుస్తారు. అదీ అక్కడి ఆనవాయితీ.

"గడకర్ర ఎందుకయ్యా, ఈ ఏరు నాకు కొట్టిన పిండి" అనేవాడు. ముప్పై ఏళ్లు ఆ మాట చెల్లింది.

ఒక ఏడు వరదకి అడుగున ఇసక జరిగింది. ఓబులేసు చూసుకోలేదు. తన ఎద్దును పాత దారినే తోలాడు. కళ్లముందే అది ఊబిలో దిగిపోయింది. పట్టుకు లాగితే మెడగంట మాత్రం తెగి చేతికొచ్చింది.

ఆనాటి నుంచి ఆయనకి ఏ అడుగు మీదా నమ్మకం లేదు. వెదురు గడకర్ర పైకొనకు ఆ గంట కట్టి, అడుగడుగునా పొడిచి చూసేవాడు. గట్టినేల తగిలితే గంట ఖంగున మోగేది. ఊబి అయితే కర్ర మెత్తగా దిగేది, గంట పలికేది కాదు. పొద్దస్తమానం పొడిచి పొడిచి భుజాలు పడిపోయేవి. ముసలాడికి చాదస్తం పట్టిందన్నారు జనం. నిజమేనేమో అనుకునేవాడు పాపం. "దేవుడా, అలిసిపోయాను. ఆ పాత ధైర్యం మళ్లీ ఇయ్యి" అని రోజూ మొక్కేవాడు. దేవుడు ఇవ్వలేదు.

ఒక మధ్యాహ్నం రాజుగారి దళవాయి గుర్రమెక్కి వచ్చాడు. వెంట మంత్రసాని నాంచారమ్మ. ఏటి అవతల కోటలో రాణిగారికి పొద్దుటి నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందని అవతలి గట్టు నుంచి కేకల మీద కబురొచ్చింది.

"ఖాయంగా దాటిస్తావా?" అన్నాడు దళవాయి.

"ఖాయమని చెప్పలేను దొరా. పొడుచుకుంటూ పోవాలి."

ఆ ఏటి వరదకీ అడుగున ఇసక మళ్లీ జరిగింది. ఓబులేసు మొదట పాత దారిలో పొడిచాడు. గంట పలకలేదు. ఎడమకి జరిగి పొడిచాడు. పలకలేదు.

"చాలించు. ఎండాకాలంలో నేను ఈ దారినే పోయాను" అంటూ దళవాయి గుర్రాన్ని పాత దారిలోకి అదిలించాడు. పదడుగులు పోలేదు, గుర్రం కడుపు దాకా కూరుకుంది. పెనుగులాడి ఎలాగో ఒడ్డున పడింది. దళవాయి గుర్రం దిగి పక్కకి తప్పుకున్నాడు.

ఓబులేసు నాంచారమ్మ వైపు తిరిగాడు. "నాకే తెలీటం లేదమ్మా. నన్ను నమ్మి రాకు" అన్నాడు.

నాంచారమ్మ ఆయన పైపంచె కొస పట్టుకుంది. "నలభై ఏళ్లుగా పురుళ్లు పోస్తున్నా నాయనా. చెయ్యి పెట్టి చూడందే నేనూ ఏ బిడ్డ సంగతీ చెప్పను. నువ్వు పొడువు, గంట నేను వింటాను."

మూడోసారి బాగా కుడికి జరిగి పొడిచాడు. గంట ఖంగుమంది. అలా అడుగడుగూ పొడుచుకుంటూ, పొద్దు వాలకముందే అవతలి గట్టెక్కారు. పసిబిడ్డ ఏడుపు వినపడేదాకా ఓబులేసు కోటగుమ్మం దగ్గరే కూలబడి ఉన్నాడు.

మర్నాడు రాజు పిలిపించాడు. "దారి నీకెలా తెలుసు?"

"తెలీదు మహారాజా. తెలీదు గనకే పొడిచాను."

"ఏం కావాలో కోరుకో."

పాత ధైర్యం అనబోయి ఆగాడు ఓబులేసు. "నా గడకర్ర అరిగిపోయింది. కొత్త వెదురొకటి ఇప్పించండి" అన్నాడు.

కాబట్టి పిల్లలూ, అన్నీ తెలుసనే ధీమా పోయిందని దిగులుపడకండి. తెలియదన్న ఎరుకే మనచేత చూసి అడుగు వేయిస్తుంది, మన కొస పట్టుకు వచ్చినవాళ్లను ఒడ్డు చేరుస్తుంది.